రోగాన్ని ఎదిరించే శక్తి - మన నిత్య జీవితం

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఉర్దూ మీడియం బడిపంతుల్ని. ఉర్దూలో అయితే గంటసేపు నిలబడి చెప్పగలను. "మాస్టర్ సాబ్, ఈసారి ఆరోగ్యం గురించి చెప్పండి, తెలుగులోనే చెప్పండి, సావనీరులో వేస్తాం, మన పిల్లల్లో ఎక్కువమంది ఇప్పుడు తెలుగే చదువుతున్నారు" అని కార్యదర్శిగారు పట్టుబట్టారు. కనుక మాటల్లో తప్పులుంటే మన్నించండి. ఇంకొక మాట. నేను డాక్టర్ని కాను. నాకు తెలిసినది కొంత పుస్తకాల్లో చదివినది, కొంత మా ఇంట్లో దెబ్బతిని నేర్చుకున్నది. ఆ రెండోది కూడా ఈరోజు దాచకుండా చెప్పదలచుకున్నాను.

మన ఒంట్లోని కోట

కరోనా వచ్చిన 2020లో మన మొహల్లాలో ప్రతి ఇంట్లోనూ ఒకే మాట: "ఇమ్యూనిటీ పెంచుకోవాలి." పసుపు పాలన్నారు, మిరియాల కషాయమన్నారు, ఏవేవో పొడులన్నారు. వందలు పోసి డబ్బాలు కొన్నవాళ్ళు కూడా వున్నారు. అసలు ఈ రోగనిరోధక శక్తి అనేది ఏమిటి? అది డబ్బాలో దొరికేదేనా?

గండికోట చూసినవాళ్ళు మీలో చాలామంది వున్నారు. ఒక పక్క పెన్నానది తవ్విన లోయ, చుట్టూ రాతి గోడ, లోపల సిపాయిలు వుండే చోటు, మసీదు, గుళ్ళు, పెద్ద ధాన్యాగారం. మన శరీరమూ అలాంటిదే. చర్మం గోడ. కన్నీరు, ముక్కులోని చీమిడి, కడుపులోని ఆమ్లం - ఇవన్నీ లోయ వంటి అడ్డంకులు. వాటిని దాటి వచ్చిన సూక్ష్మజీవితో పోరాడే సిపాయిలు నెత్తురులోని తెల్లకణాలు. మైక్రోలీటరు అంటే సూదిమొనంత నెత్తురు. ఆరోగ్యవంతునికి ఆ కాస్త నెత్తురులోనే సుమారు నాలుగువేల నుండి పదకొండువేల దాకా తెల్లకణాలుంటాయి. ఇవి ఎముకల మూలుగలో పుడతాయి. వీటిలో కొన్ని ఒకసారి చూసిన శత్రువును ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటాయి. టీకా పని చేసేది ఆ జ్ఞాపకం వల్లనే.

కానీ ధాన్యాగారం ఖాళీ అయితే ఎంత గొప్ప కోటయినా ఎన్ని రోజులు నిలుస్తుంది? సిపాయికి తిండి కావాలి, నిద్ర కావాలి. ఇక్కడే మన రోజువారీ అలవాట్ల పాత్ర వుంది. ఒక పూట తాగిన కషాయంతో సిపాయి తయారు కాడు. వాడు రోజూ తినే అన్నంతో తయారవుతాడు.

మా ఇంటి సంగతి

2009లో మా తమ్ముడు కువైట్ వెళ్ళడానికి సిద్ధమయ్యాడు. పాస్‌పోర్టు వచ్చింది, అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టాం. మెడికల్‌కు వెళితే ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ వున్నదని "అన్‌ఫిట్" రాసి పంపారు. మూడు నెలలుగా వాడు దగ్గుతూనే వున్నాడు. మేము సిగరెట్ల దగ్గు అనుకున్నాం. కళ్ళె పరీక్ష చేస్తే క్షయ, అనగా టీబీ అని తేలింది.

అప్పుడు మా చెల్లెలికి సంబంధం చూస్తున్నాం. టీబీ ఇల్లు అని తెలిస్తే ఎవరు వస్తారు? అందుచేత దాచిపెట్టాం. తమ్మునికి మందులు తెచ్చింది నేనే, పక్కవీధివాళ్ళు చూడకుండా. వాని కంచం వేరు చేశాం, గ్లాసు వేరు చేశాం. దగ్గు బయటికి వినబడకుండా వీధి వైపు కిటికీలు మూసేశాం. ఇదంతా జాగ్రత్త అనుకున్నాను. చదువుకున్నవాణ్ణి, బడిలో సైన్సు పాఠం చెప్పేవాణ్ణి!

తరువాత తెలిసింది, చేసినదంతా తలకిందులని. టీబీ కంచాల వల్ల, గ్లాసుల వల్ల అంటుకోదు. రోగి దగ్గినప్పుడు గాలిలోకి వచ్చే సూక్ష్మమైన తుంపర వల్ల అంటుకుంటుంది. గాలి, వెలుతురు రాని గదిలో అది ఎక్కువసేపు నిలుస్తుంది. అంటే అవసరం లేని కంచాన్ని వేరు చేశాం, తెరవవలసిన కిటికీని మూశాం.

ఇంకొక తప్పు అంతకన్నా పెద్దది. తమ్మునికి బలం రావాలని గుడ్డు, పాలు, ఖీమా అన్నీ వానికే పెట్టాం. అది మంచిదే. ఆ పెట్టినది ఎవరు? మా అమ్మ. దస్తర్‌ఖాన్ మీద మొదట అబ్బా, నేను, పిల్లలు, తరువాత చెల్లెలు, నా భార్య. అమ్మ ఆఖరున. సాలన్ గిన్నెలో అడుగున మిగిలిన పులుసుతో రెండు ముద్దలు తిని, ఒక కప్పు చాయ్ తాగి లేచేది. మా ఇంట్లో అది ఎప్పుడూ అంతే. ఎవరమూ దాన్ని చూడలేదు.

తమ్ముడు బాగయ్యాడు. మరుసటి ఏడు, 2010 రంజాన్‌లో అమ్మకు సాయంత్రాలు జ్వరం వచ్చేది. ఉపవాసాల నీరసం అనుకున్నాం. ఈద్ అయిన తరువాత కూడా తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకుపోయాను. తూకం మీద నిలబెడితే 36 కిలోలు. అమ్మకు కూడా టీబీ. ఆ డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "మీ ఇంట్లో అందరికంటే ఆఖరున తినేది ఎవరు?" నేను జవాబు చెప్పలేకపోయాను.

అమ్మ ఆరునెలలు మందులు వాడి కోలుకున్నది. కానీ ఊపిరితిత్తి కొంత చెడిపోయింది. ఈనాటికీ మెట్లెక్కితే ఆయాసం.

ఒకే ఇల్లు, ఒకే గాలి - ఒకరికి వస్తుంది, ఒకరికి రాదు

ఇక్కడ గ్రహించవలసిన సంగతి ఒకటి వుంది. ప్రపంచ జనాభాలో సుమారు నాలుగోవంతు మంది ఒంట్లోకి టీబీ క్రిమి ఏదో ఒకనాడు ప్రవేశించి వుంటుందని అంచనా. వాళ్ళలో జబ్బు పడేది నూటికి ఐదు నుండి పదిమంది మాత్రమే. మిగిలినవారిలో శరీరంలోని సిపాయిలే దాన్ని అణచివేస్తారు. మరి ఆ ఐదూ పదిమందికీ ఎందుకు వస్తుంది? చాలీచాలని తిండి ఒక ముఖ్య కారణం. చక్కెర వ్యాధి వున్నవారికి టీబీ వచ్చే ప్రమాదం రెండు మూడు రెట్లు ఎక్కువ. బీడీ, సిగరెట్టు తాగేవారికి కూడా రెండు రెట్లకు పైనే. తాగుడు, హెచ్.ఐ.వి. కూడా కారణాలే. ప్రపంచంలోని టీబీ రోగుల్లో నాలుగోవంతు మన దేశంలోనే వున్నారంటే తిండి సంగతి ఎంత ముఖ్యమో ఆలోచించండి.

మన దగ్గర మదనపల్లె ఆరోగ్యవరం శానిటోరియం వున్నది కదా. వందేళ్ళ కిందట టీబీకి మందే లేని రోజుల్లో అక్కడ ఇచ్చిన చికిత్స ఏమిటి? మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. ఆ తరువాత మద్రాసులో జరిగిన పరీక్షలో, 1959 నాటికి, ఇంట్లో వుండి సరిగా మందులు వాడినవారు కూడా శానిటోరియంలో వున్నవారితో సమానంగా బాగవుతారని తేలింది. కనుక రోగిని వెలివేయనక్కరలేదు. రోగిని బాగుచేసేది మందే, ఒక్క పూట కూడా మానరాదు. కానీ ఇంట్లో మిగిలినవారిని కాపాడేది ఏది?

ఆ ప్రశ్నకు జవాబు ఇటీవల జార్ఖండ్ నుంచి వచ్చింది. అక్కడ నాలుగు జిల్లాల్లో 2019 నుండి 2022 వరకు పెద్ద అధ్యయనం చేశారు. 2,800 మంది టీబీ రోగులు, వారి ఇళ్ళలోని 10,345 మంది కుటుంబ సభ్యులు. రోగులందరికీ మందులతో పాటు తిండి సామాను ఇచ్చారు. కుటుంబాలను రెండు భాగాలు చేసి ఒక భాగంలోని ఇంటివారికి కూడా మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. రెండో భాగంలోని ఇంటివారికి ఇవ్వలేదు. 2023లో ఫలితాలు ప్రకటించారు. తిండి ఇచ్చిన ఇళ్ళలో కొత్తగా టీబీ వచ్చినవారు సుమారు 40 శాతం తక్కువ!

అయ్యా, ఇది విలువైన ఇంజక్షన్ కాదు. బియ్యం, పప్పు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రోజుకు యాభై గ్రాముల పప్పు, అంటే చారెడు పప్పు, మా అమ్మ కంచంలో పడివుంటే ఆమెకు ఆ జబ్బు వచ్చేదో కాదో నేను చెప్పలేను. పడలేదని మాత్రం నాకు తెలుసు.

రోజూ చెయ్యవలసిన పనులు

ఇక అలవాట్ల సంగతి. పిల్లలకు చెప్పినట్టు ఒక్కొక్కటీ చెప్తాను.

మొదటిది తిండి. మన హైదరాబాదులోనే వున్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దమనిషికి రోజుకు సుమారు 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలి. మన ఇళ్ళలో ఏం జరుగుతున్నది? శుక్రవారం బిర్యానీ, మిగిలిన రోజులు అన్నం మీద పలచని ఖట్టా దాల్. బలం అంటే మాంసమే అనే భ్రమ మనకు వుంది. మాంసం మంచిదే, కానీ రోజూ కొనగలిగేవారెందరు? మన సీమలో పండే చెనిక్కాయలు, ఉలవలు, అలసందలు, శనగలు, పెసలు - వీటిలో మాంసకృత్తులు పుష్కలం. కోడిగుడ్డు ఒకదానిలో ఆరు గ్రాములుంటాయి. మునగాకు, పుంటికూర వుండనే వున్నాయి. జామకాయ, ఉసిరికాయ ఆపిల్ కంటే చవక, విటమిన్ సి విషయంలో ఆపిల్ కంటే ఎన్నో రెట్లు మేలు.

అన్నం తినగానే చాయ్ తాగే అలవాటు మన ఆడవాళ్ళకు ఎక్కువ. తిండిలోని ఇనుమును ఒంటబట్టనివ్వకుండా చాయ్ అడ్డుపడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత వున్నదని తేలింది. చాయ్ మానమని నేను అనను, అంటే నన్ను ఇంట్లోకి రానివ్వరు! గంట ఆగి తాగండి. పప్పులో నిమ్మకాయ పిండుకోండి, ఇనుము బాగా ఒంటబడుతుంది.

రెండవది నిద్ర. 2015లో అమెరికాలో ఒక పరీక్ష చేశారు. 164 మంది ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. ఏడు గంటలకు పైగా నిద్రపోయేవారితో పోలిస్తే ఆరు గంటలకన్నా తక్కువ నిద్రపోయేవారికి జలుబు పట్టుకునే అవకాశం నాలుగు రెట్లకు పైగా వున్నది. మన కుర్రవాళ్ళు రాత్రి రెండు దాకా సెల్‌ఫోను చూస్తూ పడుకుంటున్నారు. రంజాన్‌లో తరావీహ్ తరువాత హోటళ్ళ దగ్గర సహరీ దాకా గడిపేస్తున్నారు. ఇంటికి వచ్చి నిద్రపోవచ్చు కదా, తండ్రులు చెప్పాలి.

మూడవది చేతులు. వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు కాన్పు చేసే ముందు మందు నీళ్ళతో చేతులు కడగాలని 1847లో నియమం పెట్టాడు. అంతకుముందు ఏడు ఆ వార్డులో నూటికి 11 మంది బాలింతలు చనిపోయేవారు. మరుసటి ఏడు అది ఒకరికి కాస్త పైన. రోజుకు అయిదుసార్లు వజూ చేసే చేతులు మనవి. కానీ సబ్బు ఎన్నిసార్లు తగులుతున్నది? దొడ్డికి వెళ్ళి వచ్చాక, తినే ముందు, వంటకు ముందు ఇరవై సెకండ్లు సబ్బుతో రుద్ది కడగండి.

నాలుగవది గాలి, ఎండ. కిటికీలు తెరవండి. ఇంట్లోనే వుండే స్త్రీలకు ఎండ తగలక విటమిన్ డి లోపం వస్తున్నది. పొద్దు బాగా పైకి వచ్చాక మేడ మీద, పరాయివారి కంటబడని చోట, చేతులకు ముఖానికి ఎండ తగిలేలా పావుగంట కూర్చుంటే మన పరదాకు వచ్చే లోటేమీ లేదు.

అయిదవది నడక, చక్కెర అదుపు. నాకు 41వ ఏట చక్కెర వ్యాధి బయటపడింది. బడికి మోటారుసైకిలు, మసీదుకు మోటారుసైకిలు! ఇప్పుడు వారానికి ఐదు రోజులు అరగంట నడుస్తున్నాను, మందు వేసుకుంటున్నాను, అదుపులో వుంది. చక్కెర వున్నవారు ఉపవాసాలకు ముందే డాక్టరును అడిగి మందుల వేళలు మార్చుకోవాలి.

ఆరవది, మానవలసినవి. బీడీ, సిగరెట్టు, గుట్కా. జలుబుకు, మామూలు జ్వరానికి తొందరపడి యాంటీబయాటిక్ మింగటం. ఒక్క సూదితో లేచి కూర్చోవాలని స్టెరాయిడ్ ఇంజక్షన్ పొడిపించుకోవటం. స్టెరాయిడ్ తగినచోట ప్రాణం నిలిపే మందే. కానీ అది మన సిపాయిల చేతులు కట్టేస్తుంది. 2021లో కరోనా తరువాత బ్లాక్ ఫంగస్ వచ్చి ఎందరి కళ్ళు పోయాయో చూశాం కదా. అదుపు తప్పిన చక్కెర, మితిమీరిన స్టెరాయిడ్లు దానికి దారి తీశాయి.

ఏడవది టీకాలు. పోలియో చుక్కల డ్యూటీకి నేను ఇల్లిల్లూ తిరిగాను. "ఇవి వేస్తే మన పిల్లలకు సంతానం కలగదంట" అని తలుపు మూసిన ఇళ్ళు మన మొహల్లాలోనే వున్నాయి. నేను నా కొడుక్కి వాళ్ళ ఎదుటే చుక్కలు వేసి చూపించేవాణ్ణి. 2011 జనవరి 13న హౌరాలో వచ్చిన కేసు మన దేశంలో సహజ పోలియోకు ఆఖరుది. 2014 మార్చి 27న మన ప్రాంతాన్ని పోలియో రహితమని ప్రకటించారు. ఆనాడు చుక్కలు వేయించుకున్న పిల్లలు ఈనాడు పెళ్ళిళ్ళు చేసుకుని తమ పిల్లల్ని నా బడిలో చేర్చడానికి వస్తున్నారు. పుకారుకు అంతకన్నా జవాబేమి కావాలి?

సంఘానికి నా మనవి

ప్రతి ఏటా మన సంఘం తరఫున ఆసుపత్రిలో పండ్లు, రొట్టెలు పంచుతున్నాం. మంచి పనే. కానీ ఆ పండు ఒక పూటది. ఈ ఏడు ఇంకొక పని చేద్దామని కోరుతున్నాను. మన పేటలో టీబీ మందులు వాడుతున్న ఇళ్ళు ఎన్ని వుంటే అన్నింటికీ, అది ఏ మతంవారి ఇల్లయినా సరే, ఆరునెలల పాటు ఇంటిల్లిపాదికీ పప్పు ఇద్దాం. రేషను కార్డు మీద మనిషికి 5 కిలోల బియ్యం ఉచితంగా వస్తున్నాయి. లోటు పప్పుదే. రోగి కాక నలుగురున్న ఇంటికి నెలకు ఆరు కిలోలు, ఆరునెలలకు 36 కిలోలు. ఖజాంచీగారు లెక్క వేస్తే మన వేదిక షామియానా ఖర్చులో ఎన్ని ఇళ్ళు నడుస్తాయో తెలుస్తుంది. రోగికి ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చింది, 2024 నవంబరు నుండి దాన్ని వెయ్యి చేశారు. మనలాంటి సంఘాలు రోగులకు తిండి సామాను ఇవ్వడానికి 2022లో నిక్షయ్ మిత్ర అనే పద్ధతి కూడా పెట్టారు. పేర్లు గుట్టుగా వుంచి చేద్దాం.

రెండు వారాలకు మించి దగ్గు వుంటే దాచకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష, మందులు ఉచితం. ఇంట్లో ఒకరికి తేలితే మిగిలిన అందరినీ పరీక్ష చేయించండి, అవసరమైనవారికి ముందుజాగ్రత్త మాత్రలు కూడా ఇస్తారు.

చివరగా ఒక మాట. ఈ సంగతులన్నీ చెప్పడానికి ముందు మా అమ్మను అడిగాను. "అమ్మా, నలుగురిలో మన ఇంటి సంగతి చెప్పనా, సావనీరులో కూడా పడుతుంది" అన్నాను. ఆమె కాసేపు తస్బీహ్ తిప్పుతూ వూరుకున్నది. తరువాత, "చెప్పు బేటా, దాచినందుకే కదా ఇంత అయింది" అన్నది. ఆమె ఇప్పుడు ఆ పరదా వెనుక మూడో వరుసలో కూర్చుని వింటున్నది.

మా ఇంట్లో ఇప్పుడు అమ్మ కూర్చున్న తరువాతే దస్తర్‌ఖాన్ పరుస్తాం. మొదటి గరిటె ఆమె కంచంలో పడుతుంది. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక మీ ఇంట్లో ఆఖరున తినేది ఎవరో ఒక్కసారి చూడండి. ఆమె గిన్నెలో ఏం మిగిలిందో చూడండి. ఇంతే నా మనవి.